పరిపక్వతకు కొలమానమేది? యూనిక్స్ వారసత్వ కెర్నెళ్ళ పోటీ (1991–1994), తదనంతర పరిణామాలు

వ్యాససంగ్రహం

1992 ఆరంభంలో సోర్స్ కోడ్‌తో సహా పాఠకులకు అందుతున్న, లేదా త్వరలో అందుతాయని భావించిన యూనిక్స్ తరహా కెర్నెళ్ళలో మినిక్స్, బీఎస్‌డీ, గ్నూ హర్డ్, లినక్స్ ముఖ్యమైనవి. వీటిలో వయసులోనూ, రూపకల్పనలోనూ, సంస్థాగతమైన అండలోనూ వెనుకబడినది లినక్స్. అయినా రెండేళ్ళు గడిచేసరికి అదే ముందుకు వచ్చింది. ఈ పరిణామానికి న్యాయస్థానంలోని దావాను గానీ, లైసెన్సును గానీ ఏకైక కారణంగా చూపే వాదాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. కెర్నెల్ పరిపక్వత కోడ్‌కు మాత్రమే చెందిన గుణం కాదనీ, దానిని సరిదిద్దే హక్కూ అవకాశమూ ఎందరికి ఉన్నాయన్నదానిపై ఆధారపడుతుందనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కెర్నెల్, యూనిక్స్, బీఎస్‌డీ, మినిక్స్, గ్నూ హర్డ్, లినక్స్, మైక్రోకెర్నెల్, లైసెన్సు, డ్రైవర్లు.

1. ఉపోద్ఘాతం

కెర్నెల్ అన్న మాటకు గింజలోని పప్పు అని అర్థం. కంప్యూటర్‌లో వాడుకరి ఆజ్ఞలను స్వీకరించే పొరను షెల్, అంటే పెంకు, అని పిలవడం ఈ పోలికకు కొనసాగింపే. ప్రాసెసర్ సమయాన్నీ మెమరీనీ వివిధ ప్రోగ్రాములకు పంచిపెట్టడం, డిస్కు, కీబోర్డు, నెట్‌వర్క్ వంటి పరికరాలతో మాట్లాడటం, ఒక ప్రోగ్రాము మరొకదాని జోలికి పోకుండా కాపాడటం కెర్నెల్ పనులు. వాడుకరి కంటికి అది ఎన్నడూ కనబడదు. అందుకే కాబోలు, కంప్యూటర్ చరిత్రను గురించిన జనరంజకమైన రచనల్లో పరికరాలకూ వ్యాపారవేత్తలకూ దక్కిన చోటు కెర్నెళ్ళకు దక్కలేదు.

అటువంటి రచనల్లో లినక్స్ ప్రస్తావన వచ్చినప్పుడు మాత్రం ఒక కథ తప్పక వినిపిస్తుంది. ఫిన్లాండ్ విద్యార్థి ఒకడు ఒంటరిగా గదిలో కూర్చొని ప్రపంచాన్ని మార్చాడన్నది ఆ కథ. గెలిచినవారి చరిత్రకు సహజంగా ఉండే దోషం దీనిలోనూ ఉంది. ఓడినవాటిని, లేదా ఓడినట్లు కనిపించినవాటిని, పక్కన పెట్టి చూస్తే గెలుపునకు కారణం అర్థం కాదు.

2. యూనిక్స్: పంచిన చేతులే బిగిసిన వైనం

యూనిక్స్ 1969లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీల చేతుల్లో రూపుదిద్దుకొంది. 1973లో దానిని సీ భాషలో తిరిగి రాశారు. మాతృసంస్థ ఏటీఅండ్‌టీ 1956 నాటి న్యాయపరమైన ఒప్పందం కారణంగా టెలిఫోను రంగాన్ని దాటి వ్యాపారం చేయలేని స్థితిలో ఉండేది. అమ్ముకోలేని సరుకును విశ్వవిద్యాలయాలకు స్వల్ప రుసుముతో, సోర్స్ కోడ్‌తో సహా ఇచ్చింది. ఒక తరం విద్యార్థులు యూనిక్స్‌ను చదివి నేర్చుకొన్నారు. ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో జాన్ లయన్స్ 1977లో ఆరవ సంచిక కోడ్‌కు వ్యాఖ్యానం రాశారు. మూలపాఠం ఒకవైపు, వ్యాఖ్య మరొకవైపు పెట్టి చదువుకొనే మన పాత పద్ధతికి అది దగ్గరగా ఉంటుంది.

1979లో వచ్చిన ఏడవ సంచిక లైసెన్సు ఈ కోడ్‌ను తరగతిలో బోధించడాన్ని నిషేధించింది. లయన్స్ వ్యాఖ్యానం జిరాక్సు ప్రతుల రూపంలో చేతులు మారింది. 1984లో ఏటీఅండ్‌టీ విభజన జరిగి పాత ఆంక్షలు తొలగడంతో యూనిక్స్ పూర్తిగా వ్యాపార వస్తువైంది. తర్వాతి కాలపు స్వేచ్ఛా కెర్నెళ్ళన్నీ ఈ మూసివేతకు వచ్చిన ప్రతిస్పందనలే. అయితే ఒక్కొక్కటి ఒక్కొక్క దారి పట్టింది.

ఆమ్‌స్టర్‌డామ్‌లో బోధించే ఆండ్రూ టానెన్‌బామ్ ఏటీఅండ్‌టీ కోడ్ ఒక్క పంక్తి కూడా లేకుండా 1987లో మినిక్స్ రాశారు. అది పాఠ్యపుస్తకానికి అనుబంధం. సుమారు 12,000 పంక్తులది. రిచర్డ్ స్టాల్‌మన్ 1983 సెప్టెంబరులో గ్నూ ప్రణాళికను ప్రకటించి కంపైలర్, ఎడిటర్ వంటి పనిముట్లన్నీ ముందుగా సిద్ధం చేశారు; కెర్నెల్‌ను చివరికి ఉంచారు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు బర్క్‌లీ బృందం దారి వేరు. అది ఏటీఅండ్‌టీ యూనిక్స్ మీదనే పనిచేస్తూ దానిని మెరుగుపరచింది. 1983లో వెలువడిన 4.2బీఎస్‌డీతో ఇంటర్నెట్ ప్రోటోకాళ్ళు యూనిక్స్‌లో భాగమయ్యాయి.

3. ఆరు ఫైళ్ళ లోటు

బీఎస్‌డీని పూర్తిగా స్వేచ్ఛా కోడ్‌గా మార్చే ప్రయత్నం ఈ చరిత్రలో అన్నిటికంటే శ్రమతో కూడినది. ఏటీఅండ్‌టీ లైసెన్సు ధర పెరుగుతున్నకొద్దీ నెట్‌వర్క్ భాగం ఒక్కటైనా విడిగా కావాలన్న కోరికలు వచ్చాయి. 1989 జూన్‌లో ఆ భాగాన్ని విడిగా విడుదల చేశారు. టేపు ధర 1000 డాలర్లు. కొన్నవారు ఎవరికైనా కాపీ చేసి ఇవ్వవచ్చు. మిగిలిన వ్యవస్థనూ అలాగే ఇవ్వాలని కీత్ బోస్టిక్ పట్టుపట్టారు. వందల సంఖ్యలో ఉన్న చిన్నచిన్న పనిముట్లను ఏటీఅండ్‌టీ కోడ్ చూడకుండా, వాటి వివరణ మాత్రమే చదివి తిరిగి రాయమని స్వచ్ఛంద కార్యకర్తలను కోరారు. ప్రతిఫలం జాబితాలో పేరు ఉండటమే. ఏడాదిన్నరలో దాదాపు అన్నీ పూర్తయ్యాయి. తర్వాత బోస్టిక్, మార్షల్ కిర్క్ మెక్‌కుసిక్, మైక్ కారెల్స్ కలిసి కెర్నెల్‌ను ఫైలు ఫైలుగా జల్లెడ పట్టారు. చివరికి తేలికగా తిరిగి రాయలేని ఆరు ఫైళ్ళు మిగిలాయి. వాటిని తీసివేసి 1991 జూన్‌లో రెండవ నెట్‌వర్కింగ్ విడుదలను బయటపెట్టారు.

ఆ ఆరు ఫైళ్ళను విలియం జోలిట్జ్ తిరిగి రాశారు. ఆయనా, ఆయన భార్య లిన్ జోలిట్జ్ బీఎస్‌డీని ఇంటెల్ 386 ప్రాసెసర్‌కు తరలించే విధానాన్ని 1991 జనవరి నుంచి ఒక పత్రికలో ధారావాహికగా వివరిస్తూ వచ్చారు. 386బీఎస్‌డీ తొలిరూపం 1992 మార్చిలోనూ, వాడదగిన రూపం అదే ఏడాది జులైలోనూ వెలువడ్డాయి. పదిహేనేళ్ళ అనుభవం వెనుక ఉన్న కెర్నెల్ సామాన్యుని కంప్యూటర్ మీదికి వచ్చిన సందర్భమది. ఆనాడు పరిపక్వతను గురించి అడిగితే తెలిసినవారెవరైనా బీఎస్‌డీ పేరే చెప్పి ఉండేవారు.

4. లినక్స్ ప్రవేశం, ఒక వివాదం

హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ 1991 జనవరిలో 386 కంప్యూటర్ కొని దానిలో మినిక్స్ పెట్టుకొన్నారు. మినిక్స్‌ను కొనుక్కోవాలి, మార్చిన రూపాన్ని పంచడానికి వీలులేదు. 386కు అనువైన మార్పులు ఇతరులు చేసినా, వాటిని ప్యాచ్‌లుగా తెచ్చుకొని ఎవరికి వారే అతికించుకోవలసి వచ్చేది. విద్యార్థి ఒక సెమిస్టరులో చదవగలిగినంత చిన్నదిగానే ఉంచాలన్నది టానెన్‌బామ్ ఉద్దేశం కనుక కొత్త హంగులను ఆయన చేర్చుకొనేవారు కారు. ఉపాధ్యాయుడిగా ఆయన నిర్ణయం సరైనదే. ఆ నిర్ణయమే మినిక్స్ ఎదుగుదలకు హద్దు గీసింది.

1991 ఆగస్టు 25న టోర్వాల్డ్స్ మినిక్స్ వాడుకరులకు తన ప్రయత్నాన్ని తెలియజేశారు. ఇది వినోదం కోసం చేస్తున్నదనీ, గ్నూ వంటి పెద్ద పని కాదనీ, ఇతర ప్రాసెసర్ల మీదికి తరలించడానికి వీలుపడదనీ చెప్పుకొన్నారు. సెప్టెంబరులో వెలువడిన 0.01 సుమారు 10,000 పంక్తులు. దానిని కంపైల్ చేయడానికి మినిక్స్ కావలసివచ్చేది.

ఆ డిసెంబరులో జరిగిన ఒక చిన్న సంఘటన ఈ వ్యాసానికి ముఖ్యమైనది. రెండు మెగాబైట్ల మెమరీ మాత్రమే ఉన్న జర్మనీ వాడుకరి ఒకరు గ్నూ కంపైలర్ నడపలేకపోతున్నానని రాశారు. టోర్వాల్డ్స్ క్రిస్మస్ సెలవుల్లో కూర్చొని, మెమరీ చాలనప్పుడు పేజీలను డిస్కు మీదికి తరలించే ఏర్పాటు రాశారు. మినిక్స్‌లో అది లేదు. 1992 జనవరిలో వచ్చిన 0.12లో అది చేరింది. అమ్మకాన్ని నిషేధించే తొలి లైసెన్సును వదిలి గ్నూ జనరల్ పబ్లిక్ లైసెన్సుకు మారుతున్నట్లు ప్రకటన వెలువడిందీ ఆ సంచికతోనే. వాడుకరి బాధ చెప్పుకోవడానికీ, దానికి కోడ్ రూపంలో జవాబు రావడానికీ మధ్య కొన్ని వారాలే గడిచాయి.

1992 జనవరి 29న టానెన్‌బామ్ లినక్స్ కాలం చెల్లినదని బహిరంగంగా విమర్శించారు. ఆయన వాదంలో రెండు అంశాలు ప్రధానం. కెర్నెల్ మొత్తం ఒకే ముద్దగా ఉండటం 1970ల నాటి పద్ధతి. చిన్న కేంద్రాన్ని మాత్రమే ఉంచి, ఫైలు వ్యవస్థనూ డ్రైవర్లనూ బయట వేరువేరు ప్రోగ్రాములుగా నడపడం, అంటే మైక్రోకెర్నెల్, భవిష్యత్తు అన్నది ఒకటి. 386 వంశపు ప్రాసెసర్లు కొద్ది సంవత్సరాల్లో వెనుకబడిపోతాయి కనుక ఒకే ప్రాసెసర్‌కు కట్టుబడిన కెర్నెల్‌కు మనుగడ లేదన్నది రెండవది. టోర్వాల్డ్స్ జవాబులో యవ్వనపు దురుసుతనం ఉంది. సిద్ధాంతపరంగా మైక్రోకెర్నెల్ మెరుగైనదన్న ఒప్పుదల కూడా ఉంది. పనిచేసే వ్యవస్థ ఇప్పుడు చేతిలో ఉన్నదా లేదా అన్నదే ఆయన ప్రశ్న.

ఈ వివాదాన్ని సాధారణంగా సిద్ధాంతానికీ ఆచరణకూ మధ్య పోరాటంగా చెబుతారు. అంతకంటే ఆసక్తికరమైన విషయం, ఇద్దరి జోస్యాలూ తప్పడం. 386 వంశం అంతరించలేదు. తరలించడానికి వీలుపడదని కర్త స్వయంగా చెప్పిన లినక్స్, 1995 మార్చిలో వచ్చిన 1.2 నాటికే ఆల్ఫా, స్పార్క్, మిప్స్ ప్రాసెసర్ల మీదికి చేరింది. కెర్నెల్ భవిష్యత్తును దాని నాటి రూపాన్ని బట్టి నిర్ణయించడం ఎంత కష్టమో నిపుణులే చూపించారు.

5. దావా: ఎంతవరకు కారణం?

బీఎస్‌డీ ఆధారంగా ఒక వ్యవస్థను 995 డాలర్లకు అమ్మసాగిన బీఎస్‌డీఐ సంస్థ మీద, ఏటీఅండ్‌టీకి చెందిన యూనిక్స్ సిస్టమ్ లేబొరేటరీస్ 1992 ఏప్రిల్‌లో దావా వేసింది. తర్వాత విశ్వవిద్యాలయాన్నీ ప్రతివాదిగా చేర్చింది. 1993 మార్చిలో న్యూజెర్సీ ఫెడరల్ న్యాయమూర్తి డికిన్సన్ డెబెవాయిస్ తాత్కాలిక నిషేధాజ్ఞ ఇవ్వడానికి నిరాకరించారు. పాత యూనిక్స్ సంచిక కాపీరైటు ప్రకటన లేకుండానే పంపిణీ అయిందన్నది ఆయన పరిగణించిన అంశాల్లో ఒకటి. విశ్వవిద్యాలయం కాలిఫోర్నియాలో ఎదురు దావా వేసింది. ఇంతలో యూనిక్స్ హక్కులు నోవెల్ సంస్థ చేతికి వచ్చాయి. 1994 ఆరంభంలో రాజీ కుదిరింది. 18,000 ఫైళ్ళలో మూడింటిని తొలగించారు. మరికొన్నిటిలో చిన్న మార్పులు చేశారు. సుమారు 70 ఫైళ్ళకు కాపీరైటు ప్రకటనలు జోడించారు. రెండేళ్ళ వ్యాజ్యం ఫలితం మూడు ఫైళ్ళు.

ఆ రెండేళ్ళే కీలకమైనవి. దావా నడుస్తున్నంతకాలం బీఎస్‌డీ కోడ్ మీద ఎవరి హక్కు ఎంతన్నది తేలలేదు. రాజీ తర్వాత ఫ్రీబీఎస్‌డీ తన పునాదిని మార్చుకొని 4.4బీఎస్‌డీ-లైట్ మీద తిరిగి కట్టుకోవలసి వచ్చింది. 1994 నవంబరు వరకు ఆ పని సాగింది. లినక్స్ 1.0 అంతకు ముందే, మార్చి 14న, 1,76,250 పంక్తులతో వెలువడింది. 386బీఎస్‌డీ ముందే అందుబాటులో ఉండి ఉంటే తాను లినక్స్ మొదలుపెట్టి ఉండేవాడిని కానని టోర్వాల్డ్స్ తర్వాత చెప్పారు.

దీనివల్ల, దావాయే లేకపోతే బీఎస్‌డీ గెలిచేదన్న అభిప్రాయం బలపడింది. అది సగం నిజం. దావా పడేనాటికే లినక్స్‌కు వాడుకరులు ఏర్పడ్డారు. ఎక్స్ విండో వ్యవస్థ కూడా దాని మీదికి వచ్చింది. అంతకు మించిన విషయం 386బీఎస్‌డీ అంతర్గత చరిత్రలో ఉంది. 1992 జులై తర్వాత దాని వాడుకరులు దోషాలు కనిపెట్టి సవరణలు పంపారు. అవి మూలంలో చేరలేదు. స్వచ్ఛంద కార్యకర్తలు వాటిని ప్యాచ్‌కిట్ పేరుతో విడిగా కూర్చుకొన్నారు. నెలలు గడిచినకొద్దీ ఆ మూట మోయలేనంత పెరిగింది. చివరికి ఆ కార్యకర్తల్లో కొందరు ఫ్రీబీఎస్‌డీని, మరికొందరు నెట్‌బీఎస్‌డీని 1993లో ప్రారంభించారు. 1995లో నెట్‌బీఎస్‌డీ నుంచి థియో డి రాడ్ విడిపోయి ఓపెన్‌బీఎస్‌డీ స్థాపించారు. న్యాయస్థానం తలుపు మూయకముందే, వచ్చిన సవరణను లోపలికి తీసుకొనే తలుపు ఒకటి మూసుకుపోయి ఉందన్నమాట. జోలిట్జ్ దంపతుల సాంకేతిక సామర్థ్యాన్ని ఇది తక్కువ చేయదు. ఇద్దరు మనుషులు మోయగలిగిన భారానికి హద్దు ఉంటుంది.

6. హర్డ్, లైసెన్సు వాదం

లినక్స్ గెలుపును లైసెన్సుకు ఆపాదించేవారూ ఉన్నారు. మార్చినవారు పంపిణీ చేసేటప్పుడు మార్పుల కోడ్‌నూ ఇవ్వాలని గ్నూ లైసెన్సు నిర్బంధిస్తుంది. బీఎస్‌డీ లైసెన్సులో ఆ నిబంధన లేదు. ఆపిల్ తన కెర్నెల్‌లో మాక్‌తో పాటు బీఎస్‌డీ భాగాలను చేర్చుకొంది. సోనీ ప్లేస్టేషన్ 4 వ్యవస్థ ఫ్రీబీఎస్‌డీ నుంచి పుట్టింది. కోట్ల పరికరాల్లో బీఎస్‌డీ ఉన్నా ఆ పేరు వినబడకపోవడానికి ఇది కారణమే.

లైసెన్సే నిర్ణయాత్మకమైతే హర్డ్ ఏమైనట్లు? దానిదీ అదే లైసెన్సు. పైగా ఆ లైసెన్సును రాసినవారి సొంత కెర్నెల్. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయపు మాక్ మైక్రోకెర్నెల్ మీద కడదామన్న నిర్ణయంతో, దాని హక్కుల సంగతి తేలే వరకు ఆగి, 1990లో పని మొదలైంది. థామస్ బుష్‌నెల్ ప్రధాన రూపకర్త. ఫైలు వ్యవస్థ వంటి సేవలను సాధారణ ప్రోగ్రాములుగా నడిపితే మామూలు డీబగ్గర్‌తోనే దోషాలు వెదకవచ్చునని ఆశించారు. తీరా చూస్తే, ఒకదానికొకటి సందేశాలు పంపుకొంటూ ఏకకాలంలో నడిచే అనేక ప్రోగ్రాముల్లో దోషం ఎక్కడుందో పట్టుకోవడం మరింత కష్టమైంది. ఆ రూపకల్పనలో అందమైన ఆలోచనలున్నాయి. నిర్వాహకుని అనుమతి లేకుండానే సామాన్య వాడుకరి తన సొంత ఫైలు వ్యవస్థను తగిలించుకోగలగడం వాటిలో ఒకటి. కానీ బయటివారు నడిపి చూసి బాగుచేయగల దశకు హర్డ్ వచ్చేసరికి, ఆ పని చేయగల చేతులన్నీ లినక్స్‌లో నిమగ్నమై ఉన్నాయి. గ్నూ పనిముట్లకు కెర్నెల్ కూడా దొరికిపోయింది. హర్డ్ అవసరమే తగ్గింది.

మైక్రోకెర్నెల్ నెమ్మదిగా నడుస్తుందన్న అపవాదును కూడా ఇక్కడ గుర్తుచేయాలి. అది మాక్ అనుభవం నుంచి వచ్చినది. జర్మనీకి చెందిన యోహెన్ లీట్కె 1993లోనే, సందేశాల మార్పిడిని ఎన్నో రెట్లు వేగవంతం చేయవచ్చని రుజువు చేశారు. హర్డ్‌ను ఆ వంశానికి చెందిన ఎల్4 మీదికి తరలించే ప్రయత్నం తర్వాత మొదలై మధ్యలోనే ఆగింది.

దావా, లైసెన్సు, రూపకల్పన మూడూ ప్రభావం చూపినవే. ఏ ఒక్కటీ నాలుగు కెర్నెళ్ళ గతినీ వివరించదు. మినిక్స్‌లో మార్పులు పంచుకొనే హక్కు లేదు. బీఎస్‌డీకి హక్కు ఉన్నదో లేదో రెండేళ్ళు తేలలేదు. హర్డ్‌లో హక్కు ఉంది గానీ నడిపి చూసే వస్తువు లేదు. పంపిన సవరణ మరుసటి సంచికలో కనబడే ఏర్పాటు, దానితో పాటు పంచుకొనే హక్కు, నడిచే కోడ్, ఈ మూడూ ఒకేచోట కుదిరినది లినక్స్‌లోనే. లోపాలున్న కోడ్ కావడం దానికి అడ్డంకి కాలేదు. ఒకరకంగా, సరిదిద్దడానికి పని మిగిలి ఉండటమే జనాన్ని రప్పించింది.

7. డ్రైవర్ల కోట: భవితవ్యం

కెర్నెళ్ళ భవిష్యత్తును నేడు నిర్ణయిస్తున్నది డ్రైవర్లు. 2020 నాటికి లినక్స్ రెండున్నర కోట్ల పంక్తులు దాటింది. వాటిలో అధికభాగం పరికరాలతో మాట్లాడే డ్రైవర్లే. లోపలి అమరికను స్థిరంగా ఉంచుతామన్న హామీ లినక్స్ నిర్వాహకులు ఇవ్వరు. కనుక డ్రైవర్ మనుగడ సాగించాలంటే మూలంలో చేరవలసిందే. చేరినదాన్ని అందరూ కలిసి కాపాడతారు. పరికరాల తయారీదారులను ఆకర్షించిన ఈ విధానమే పోటీ కెర్నెళ్ళకు దాటరాని కందకమైంది. 2017 నవంబరు నుంచి ప్రపంచంలోని 500 అత్యంత వేగవంతమైన కంప్యూటర్లన్నీ లినక్స్‌తోనే నడుస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్లదీ అదే కెర్నెల్. సీ-డాక్ రూపొందించిన బాస్ గానీ, తెలుగులో పనిచేసే ‘స్వేచ్ఛ’ గానీ ఈ కెర్నెల్ మీదనే నిలిచాయి. స్థానికత భాషలోనూ ఉపకరణాల ఎంపికలోనూ ఉంది. పప్పు మాత్రం అదే.

మిగిలినవి అంతరించాయనుకోవడం పొరపాటు. నెట్‌ఫ్లిక్స్ తన వీడియోలను అందించే యంత్రాలకు ఫ్రీబీఎస్‌డీని వాడుతుంది. 2000లో బీఎస్‌డీ తరహా లైసెన్సు కిందకు వచ్చిన మినిక్స్, దాని మూడవ రూపంలో, ఇంటెల్ చిప్‌సెట్లలోని నిర్వహణ విభాగంలో నడుస్తున్నట్లు 2017లో బయటపడింది. ఆ సంగతి ముందుగా తనకు చెప్పి ఉంటే బాగుండేదని టానెన్‌బామ్ ఇంటెల్‌కు బహిరంగ లేఖ రాశారు. తన కెర్నెల్ అసంఖ్యాకమైన కంప్యూటర్లలో ఉన్నదని కర్తకే తెలియకపోవడం ఈ చరిత్రలోని విచిత్రాల్లో ఒకటి. మరోవైపు, ఫ్రీబీఎస్‌డీ కెర్నెల్ మీద డెబియన్ పనిముట్లను నిలపాలన్న ప్రయోగం 2011లో అధికారిక విడుదలగా వచ్చి, 2023లో విరమణకు చేరింది. కెర్నెల్‌ను మార్చుకోవడం సిద్ధాంతంలో ఉన్నంత సులువు కాదని ఆ ప్రయోగం తెలిపింది.

పోటీ అన్న మాట కూడా అర్థం మార్చుకొంటోంది. ఫ్రీబీఎస్‌డీ తన గ్రాఫిక్స్ డ్రైవర్లను లినక్స్ నుంచి ఒక అనుసంధానపు పొర ద్వారా తెచ్చుకొంటోంది. గ్నూ మాక్ చాలాకాలం పాత లినక్స్ డ్రైవర్లతో బతికింది. 2025లో వెలువడిన డెబియన్ గ్నూ/హర్డ్ 64-బిట్ ప్రాసెసర్లకు చేరుకోగలిగినప్పుడు, డిస్కు డ్రైవర్లను నెట్‌బీఎస్‌డీ నుంచి అరువు తెచ్చుకొంది. ఒకనాటి ప్రత్యర్థులు ఒకరి ధాన్యం మరొకరు చేబదులుగా తీసుకొంటున్నారు.

లినక్స్‌కూ ఇబ్బందులు లేకపోలేదు. ఇంత కోడ్ ఒకే రక్షణ వలయంలో నడవడం వల్ల ఒక్క డ్రైవర్‌లోని లోపం వ్యవస్థ మొత్తాన్ని కూల్చగలదు. 1992లో టానెన్‌బామ్ ఎత్తిచూపినది దీనినే. 2022 డిసెంబరులో వచ్చిన 6.1లో రస్ట్ భాషకు చోటివ్వడం, మెమరీ దోషాలను మొగ్గలోనే తుంచే ప్రయత్నం. ఇంకో మార్గం, లయన్స్ పనిచేసిన న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ పరిసరాల్లోనే తెరుచుకొంది. అక్కడి పరిశోధకులు లీట్కె పరంపరలో ఎస్‌ఈఎల్4 అనే మైక్రోకెర్నెల్‌ను నిర్మించి, దాని కోడ్ నిర్దేశించిన ప్రవర్తనను తప్పదని 2009లో గణితపరంగా రుజువు చేశారు. 8,700 పంక్తుల సీ కోడ్‌కు ఆ రుజువు సుమారు 20 మనుష్య సంవత్సరాల శ్రమ కోరింది. 2014లో అది ఓపెన్ సోర్స్‌గా విడుదలై, మానవరహిత హెలికాప్టర్ నియంత్రణలోనూ ప్రయోగానికి వచ్చింది. పరిపక్వతకు ఇంతకంటే కఠినమైన ప్రమాణం ఇంకొకటి దొరకదు. కానీ రుజువు కెర్నెల్ వరకే. పరికరాల డ్రైవర్లు దాని వెలుపల ఉంటాయి. వాటికోసం ఎస్‌ఈఎల్4 వాడేవారు తరచు చేసే పని, దాని మీద ఒక గదిలో లినక్స్‌ను అతిథిగా బంధించి, ఆ డ్రైవర్లతోనే పరికరాలను నడిపించుకోవడం.